దావీదయ్య గారికి నేను నోరు

చెవిటి పిల్లల బడికి గంట విరాళమిచ్చిన దాత పేరు ఇక్కడ రాయను. చిత్తూరాయన, పుణ్యాత్ముడు, మనసు వెన్న. గంట మాత్రం ఏనుగు మెడలో కడితే ఏనుగు ముందుకు తూలిపడేంత ఉంది. లారీలోంచి దింపడానికి వడమాలపేటలో ఉన్న మగవాళ్ళందరూ వచ్చారు, చాలకపోతే పుత్తూరు నుంచి రప్పించాం. ప్రారంభోత్సవం నాడు దాత కొట్టిన తొలి దెబ్బకు మా వేపచెట్టు మీది కాకులు లేచి అరవదేశం సరిహద్దు దాటిపోయాయి. తగ్గించి చెబుతున్నాను. పిల్లలకు మాత్రం ఆ దెబ్బతో పాటు ఊగిన దాతగారి పొట్టే కనిపించింది. అది వాళ్ళకు బాగా నచ్చి చేతులు పైకెత్తి ఆడించారు. వాళ్ళ చప్పట్లు అలాగే ఉంటాయి.

"పిల్లకాయలు బయపడి చేతులెత్తేసినారేందబ్బా?" అని దాత నన్నడిగాడు.

"లేదు సామీ, మెచ్చుకుంటా ఉండారు" అన్నాను. దేన్ని మెచ్చుకుంటున్నారో చెప్పలేదు.

బడి పెట్టిన దావీదయ్య గారికి కూడా వినపడదు. ఆయన గంటను నిదానంగా చూసి, దాతకు నమస్కారం చేసి, మర్నాడు గంట తాడు చివర మూరెడు ఎర్రగుడ్డ కట్టించారు. గంట కొడితే గుడ్డ ఎగురుతుంది. గుడ్డ ఎగిరితే పిల్లలు వస్తారు. శబ్దమంతా ఊరికి మిగులు, దాన్ని బట్టి ఊళ్ళో ఆడవాళ్ళు ఎసరు పెట్టుకునేవారు.

ఇలాంటి బళ్ళలో పనిచేయడానికి శిక్షణ పొందుతున్న కుర్రవాళ్ళు ఇప్పుడు నా దగ్గరికి వచ్చి, అనుభవాలు చెప్పమంటున్నారు. నాకు కప్పిన శాలువాల గురించి చెప్పను, మా ఆవిడ వాటిని ఎప్పుడో దిండు గలీబులు చేసేసింది. ఉద్యోగం గురించి అడిగితే మాత్రం, అంతా ఆ గంటలోనే ఉంది. చెవులున్నవాళ్ళు బోలెడు ప్రేమతో ఏదో ఒకటి తెచ్చి ఇస్తారు. అది పిల్లలకు పనికిరాదు. ఇచ్చినవాడి మనసు నొప్పించకుండా దానికొక ఎర్రగుడ్డ కట్టాలి. జీతం దీనికే.

లాడ్జీ మెట్ల మీద కొలువు

మా అమ్మకు వినపడదు. ఇంట్లో అరిచి లాభం లేదు కాబట్టి నా అరుపులన్నీ వీధికి దాచుకునేవాణ్ణి. పసిపిల్లలకు మాటలు రావాలని నాలుక మీద వస అరగదీసి రాస్తారు కదా. నేను మాట్లాడుతున్నదీ లేనిదీ అమ్మకు తెలియక, సరిపోలేదేమోనని కొమ్ము కొమ్మంతా నాకు పట్టించేసిందని మా నాయన అనేవాడు. ఆ వస ఫలితమే తిరుపతి బస్టాండు ఎదురుగా ఒక లాడ్జీకి కేకలు వేసే ఉద్యోగం. "రూములు సార్, వేణ్ణీళ్ళు సార్" అని నేనొక కేక పెడితే రేణిగుంటలో దిగాల్సిన ప్రయాణికులు కంగారుపడి తిరుపతి దాకా వచ్చేసేవారు.

ఒక మధ్యాహ్నం అమ్మ నాకు క్యారియరు తెచ్చి రోడ్డు అవతల నిలబడింది. మధ్యలో బస్సులు, ఆటోలు. ఇటునుంచి చేతులతోనే 'కూరేమి?' అన్నాను. అటునుంచి 'వంకాయ' అంది. 'మళ్ళీనా?' అన్నాను. 'తెచ్చిన మీ నాయన్ను అడుగు' అంది. ఈ పోట్లాటను ఒక బక్కపలచని పెద్దమనిషి, చంకలో గొడుగుతో, లాడ్జీ మెట్ల మీద నిలబడి అక్షరం పొల్లు పోకుండా చూస్తున్నారని నాకు తెలియదు. ఆయన నా భుజం తట్టి చేతులతో అన్నారు: 'వంకాయ మీద అంత కోపం మంచిది కాదు. నా దగ్గర పని చేస్తావా?'

ఆయనే దావీదయ్య గారు. పుట్టింది వడమాలపేట పక్క పల్లెలో. ఏడాది నిండకముందే జ్వరం చెవులు తీసుకుపోయింది. మద్రాసులో పాదిరీల బడిలో చదువుకుని, వాళ్ళ తరఫునే సువార్త చెప్పడానికి ఆఫ్రికా వెళ్ళి, అక్కడ మూడు దేశాల్లో చెవిటి పిల్లలకు బళ్ళు పెట్టారు. నేనైతే ఏడు దేశాలని చెప్పేవాణ్ణి. దొరలు ఓడ దిగి మన దగ్గర బళ్ళు పెట్టారంటే ఎవరైనా నమ్ముతారు. వడమాలపేట నుంచి ఒక చెవిటాయన ఓడెక్కి ఇంకొక ఖండంలో బళ్ళు పెట్టాడంటే మాత్రం ఊళ్ళో ఒక్కరూ నమ్మలేదు. తల నెరిశాక తిరిగొచ్చి చూస్తే, సొంత మండలంలో ఒక్క చెవిటి పిల్ల చేతిలోనూ పలక లేదు. పెట్టె విప్పకుండానే మళ్ళీ మొదలుపెట్టారు. ఆయన చేతులు చెప్పేదాన్ని ఊరికి వినిపించే దుబాసీ కావాలి, అంటే ఒక నోరు కావాలి. నా దగ్గర ఉన్న ఆస్తి అదొక్కటే.

సింహం

బడికి జాగా అడగడానికి ఊరిపెద్దలను కూర్చోబెట్టాం. దావీదయ్య గారు చేతులతో నాలుగు ముక్కలు చెప్పారు: 'నేను ఈ పక్కవాణ్ణే. చెవిటి పిల్లలకు బడి పెడతాను. రెండు గదులకు చోటు, ఒక బావి ఉంటే చాలు.' అని చేతులు దించేశారు.

ఇంత మనిషికి ఇంత పిసరు ఉపన్యాసమా! "అయ్యగారు ఏమంటున్నారంటే" అని అందుకున్నాను. ఓడ ఎక్కించాను. తుపాను తెప్పించాను. అడవులు దాటించాను. చివరికి ఒక నది ఒడ్డున, చెవిటి పిల్లను కాపాడబోతుండగా, ఆయన ఎడమకాలిని సింహం చేత కరిపించాను. సభ ముక్కులు చీదుకుంది. పెద్దల్లో పెద్ద, వేరుశనగ మిల్లు మునస్వామి నాయుడు లేచి వచ్చాడు.

"ఆ మానుబావుడు చేయి రెండుసార్లు తిప్పితే ఇంత కథ వచ్చెనే! ఆ కాలు ఒకపారి సూడాలప్పా" అంటూ వంగి దావీదయ్య గారి పంచె అంచు పట్టుకున్నాడు.

'నా కాలికేమైంది?' అని ఆయన నన్నడిగారు.

'సింహం కరిచింది' అన్నాను.

'ఎప్పుడు?'

'ఇప్పుడే.'

ఆయన ఒక్క క్షణం నన్ను చూసి, పంచె పైకెత్తారు. నా అదృష్టం కొద్దీ పిక్క మీద పాత మచ్చ ఒకటుంది. నాయుడు దాన్ని తాకి కళ్ళకద్దుకున్నాడు. జాగా వచ్చింది.

మర్నాడు పొద్దున్నే దావీదయ్య గారు నన్ను నాయుడింటికి లాక్కెళ్ళి, ఆ మచ్చ చిన్నప్పుడు ఈ ఊళ్ళోనే సైకిలు చైను కోసిందని నా నోటితోనే చెప్పించారు. నాయుడు పళ్ళు తోముకుంటున్న వేపపుల్ల చేతిలోకి తీసుకుని, "సింగమని జెప్పకపోయింటే జాగా ఇచ్చేవాణ్ణి కాదు. సైకిలని జెప్పకపోయింటే ఈపొద్దు కాఫీ ఇచ్చేవాణ్ణి కాదు. కూసోండి" అన్నాడు.

కాఫీ తాగి వస్తూ దావీదయ్య గారు దారిలో గొడుగు చంకన పెట్టి, రెండు చేతులూ ఖాళీ చేసుకున్నారు. తిట్లు పెద్దవే వస్తాయని అర్థమైంది.

'అయ్యగారు ఏమంటున్నారంటే, అనే మాట ఇక వద్దు. నేను "నేను" అంటే, నువ్వూ "నేను" అను. ముసలమ్మ మాట చెప్పేటప్పుడు ముసలమ్మవై చెప్పు. పసిపిల్ల మాట చెప్పేటప్పుడు పసిపిల్లవై చెప్పు.'

'ఎందుకు?'

'"ఆయన కాలు" అంటూ సింహం నోట్లో పెట్టడం సులువు. "నా కాలు" అనాల్సి వస్తే, పెట్టేముందు ఒకసారి చూసుకుంటావు.'

ఈ సూత్రాన్ని మీకు ఇప్పుడు తరగతి గదిలో, ఫ్యాను కింద, ఒక్క వాక్యంలో చెప్పేస్తారు. నేను నేర్చుకోవడానికి ఒక సింహం అవసరమైంది.

పూరీ

నా మొదటి పాఠం సంగతి కూడా విని నవ్వుకోండి. నల్లబల్ల వైపు తిరిగి బొమ్మలు వేస్తూ, అలవాటు కొద్దీ లాడ్జీ గొంతుతో పాఠమంతా అద్భుతంగా చెప్పాను. వెనక్కి తిరిగేసరికి క్లాసు క్లాసంతా జామచెట్టు మీద ఉంది. వీపుతో పాఠం చెప్పేవాడి దగ్గర ఎంతసేపు కూర్చుంటారు? వాళ్ళు చేతులతో గౌరవంగా సెలవడిగే వెళ్ళారట. నాకు వినపడలేదు.

ఒక తనిఖీ అధికారి వచ్చి, "బడంటే ఇట్లుండాలండీ, ఒక్క శబ్దం లేదు" అని మెచ్చుకున్నాడు. ఆయన అలా అంటున్నప్పుడు ముందు బెంచీ నుంచి చివరి బెంచీ దాకా ఆయన విగ్గు గురించి జరుగుతున్న గోల చెవితో వినేదైతే పైకప్పు లేచిపోయేది.

ఆ బళ్ళో అందరికీ ఒక సైగపేరు ఉంటుంది. ఎవరి పేరు వాళ్ళు పెట్టుకోకూడదు. చెవులున్నవాళ్ళు అసలే పెట్టకూడదు. చెవిటివాళ్ళు మనిషిని కొన్నాళ్ళు చూసి పెడతారు. దావీదయ్య గారి పేరు, చంకలో గొడుగు బిగించడం. నా పేరు కోసం వారాల తరబడి ఎదురుచూశాను. మీసం మెలేస్తారనుకున్నాను. చివరికి రెండు అరచేతులూ కలిపి, మెల్లగా ఉబ్బించి, గుండ్రంగా విప్పారు. నూనెలో పూరీ. నా బుగ్గల వల్ల కాబోలనుకున్నాను. బుగ్గలు కావట, నా చేతిలో పడ్డ మాట అలా ఉబ్బుతుందట.

వద్దనడానికో భాష

ఏర్పేడు దగ్గర చేనూ చెలకా ఉన్న చెంగల్రాయుడు తన కూతురు హేమను తీసుకొచ్చినప్పుడు ఆ పిల్లకు తొమ్మిదేళ్ళుంటాయి. ఏ భాషా లేదు. కావలసిన దాని దగ్గరికి మనిషిని చేయి పట్టి లాక్కెళ్ళేది, రాకపోతే కొరికేది. వచ్చిన రోజే నా ముంజేయి కొరికింది. సింహం ఉసురు ఊరికే పోతుందా?

చెంగల్రాయుడు తువ్వాలు భుజం మీద సర్దుకుని సూటిగానే అడిగాడు. "ఏమప్పా, ఈడ చేరిన పిల్లకాయల్ని కిరస్తానంలో కలిపేస్తారంటనే?"

నేను చేతులతో అడిగాను. దావీదయ్య గారు నవ్వి జవాబిచ్చారు. నేను సూత్రం తప్పకుండా చెప్పాను: "కలపాలనే నాకు ఆశ. నేను నమ్మింది మంచిదని జెప్పకపోతే నేనేం బోధకుణ్ణి? అయితే ఈ పాపకు అవుననేదీ తెలీదు, వద్దనేదీ తెలీదు. నేను ముందు వద్దనేది నేర్పిస్తాను. నేర్చుకున్నాక నా దేవుణ్ణి వద్దంటే, అదే నా బడికి మంచి పేరు."

చెంగల్రాయుడు నా నుదుటి మీది నిలువు నామం కేసి పరీక్షగా చూశాడు. "నామం పెట్టుకోనుండావు. బోధకుణ్ణంటావు. నీకేమన్నా తిక్కా?"

"సామీ, అది నా మాట కాదు, ఆయన మాట."

"మరి నేను, నేను అంటావేంది?"

"అది మా పని పద్ధతి."

"ఏం పద్ధతో" అని ఆయన తల విదిలించాడు. తర్వాత గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పాడు. "అప్పా, నాకు ఇంకేం వద్దు. ఈ బిడ్డ నన్ను ఒక్కపారి నాయనా అని పిలవాల. దానికోసరం కొండకు మోకాళ్ళ మీద ఎక్కినాను. వస కొమ్ములు గంపలకొద్దీ అరగదీసినాను. సూడని డాక్టరు లేడు."

'నోటితో పిలుస్తుందని మాటివ్వలేను. ఒక ఏడాది ఉంచండి' అన్నారు దావీదయ్య గారు.

హేమ మొదట నేర్చుకున్న సైగ 'వద్దు'. నేర్చుకున్నది మొదలు దాన్ని చేతి నుంచి దించలేదు. ఉప్మా వద్దు. తలంటు వద్దు. లెక్కలు వద్దు. ఒక ఉదయం దావీదయ్య గారు పిల్లల ముందు నిలబడి చేతులతో ప్రార్థన చేస్తున్నారు. హేమ లేచి, 'వద్దు' అని చూపించి వరండాలోకి వెళ్ళి కూర్చుంది. ఆయన ప్రార్థన త్వరగా ముగించి వంటింటికి వెళ్ళి పాయసం చేయించారు. 'కొత్తమ్మాయి నన్ను కాదంది' అని ఊరేగింపుగా ప్రతి క్లాసుకూ వెళ్ళి చెప్పుకున్నారు. ఖండాలు దాటి మతం బోధించిన మనిషి, తన ప్రార్థన కాదన్న పిల్లకు పాయసం పోయించడం నేను మరెక్కడా చూడలేదు.

పూరీ కాదు, దోసె

ఏడాది తిరక్కముందే చెంగల్రాయుడు ఆటో వేసుకుని వచ్చాడు. వస్తూనే హేమ రేకుపెట్టె ఆటోలో పెట్టించాడు.

"తిరుపతిలో కొత్తగా ఒక చోటు పెట్టినారంట. నోటితోనే మాట్లాడిస్తారంట. సైగలు జేస్తే మాట రాదని, పిల్లోళ్ళ చేతులు వెనక్కి కట్టేసి నేర్పిస్తారంట. పోతామప్పా మేము."

కుర్రవాళ్ళూ, ఇక్కడ నా అభిప్రాయం దాచుకోను. చెవి మిషన్లు పెట్టుకుని విన్న పిల్లల్నీ, శ్రమపడి మాట నేర్చుకున్న పిల్లల్నీ చూశాను. వాళ్ళను చూస్తే సంతోషమే. నోరు తెరిపించండి, ఎవరు కాదన్నారు? దానికోసం చేతులు కట్టేయడమంటే, కొత్త బావి తవ్వుతామని ఉన్న బావి పూడ్చడం. కొత్తదాంట్లో నీళ్ళు పడకపోతే ఆ పిల్ల గతేమిటని పూడ్చేవాళ్ళు అడగరు. మన సీమలో పుట్టి ఆ మాత్రం తెలియకపోతే ఎలా?

ఇదంతా అప్పుడు నేను అనబోయాను. దావీదయ్య గారు చేయెత్తి ఆపారు. హేమ అప్పటికే ఆటోలో తన పెట్టెను చూసింది. పరిగెత్తి వెళ్ళి గంటస్తంభం పట్టుకుంది.

దావీదయ్య గారి మాట నా నోట: "తీసుకుపోయే హక్కు మీది. నేను అడ్డం రాను. ఒక్కటే అడుగుతుండాను. బిడ్డను అడిగి తీసుకుపోండి."

"అడిగితే జెప్పేకి దానికి మాటలు రావాల గదా సామీ!"

దావీదయ్య గారు నన్ను చూపించారు. తర్వాత నాకు మాత్రమే కనిపించేలా అన్నారు: 'ఈరోజు పూరీ కాదు. దోసె.'

చెంగల్రాయుడు విసుక్కుంటూ, "సరే, నాతో వస్తాదేమో అడుగు" అన్నాడు. అడిగాను.

హేమ స్తంభం వదిలింది. కుడిచేత్తో తన భుజం మీద లేని తువ్వాలును ఒకసారి సర్దుకుంది. ఆ బళ్ళో ఎవరూ నేర్పని సైగ అది. తండ్రికి ఆ పిల్ల తనే పెట్టుకున్న పేరు. తర్వాత, 'రాను' అంది.

అప్పట్లో నేను బియ్యం మూటకు ఎక్కువ, ఎద్దులబండికి తక్కువ. మీసం మీద నిమ్మకాయ నిలిచేది. ఆ మీసం కింద నుంచి అన్నాను: "నాయనా, నేను రాను."

చెంగల్రాయుడు ఉలిక్కిపడ్డాడు. "ఏమంటివి?"

నేను అనలేదు సామీ అని నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. హేమ చేతులు ఆగలేదు.

"నువ్వు వచ్చినప్పుడల్లా నా నోటికల్లే సూస్తావు నాయనా. చేతులకల్లా సూడవు. నేను నిన్ను పిలిచినాను. శానాసార్లు పిలిచినాను."

ఆయన ఆటో మెట్టు మీద కూలబడ్డాడు. కాసేపు హేమను చూశాడు, కాసేపు నన్ను. తర్వాత, నా కళ్ళలోకి చూస్తూ, ఎవరూ నన్ను అంత మెత్తగా అడగలేదు ఇంతవరకు, "ఎప్పుడు పిలిస్తివమ్మా?" అన్నాడు.

ఆటో డ్రైవరు పగలబడి నవ్వాడు. "ఏందన్నా, ఆ మీసాలాయన్ను పట్టుకోని అమ్మా అంటాండావు?"

"నువ్వు నోరు మూసుకోరా. నేను నా బిడ్డతో మాట్లాడతాండాను."

నేను అడిగాను. హేమ మళ్ళీ భుజం మీద తువ్వాలు సర్దుకుంది. ఒకసారి, ఇంకోసారి. ఆ తర్వాత రెండు చేతులూ వెనక్కి పెట్టి చూపించి, ముందుకు తెచ్చి అడిగింది.

"ఇట్లే పిలిచినాను నాయనా. వచ్చినప్పుడల్లా. నా చేతులు కట్టేస్తే నిన్ను ఎట్ల పిలిచేది?"

ఒక్క మాట కలపలేదు. కలపడానికి చోటు లేదు. రేణిగుంట దాకా వినపడిన గొంతులో ఆ చివరి మాట నాకే సరిగ్గా వినపడలేదు.

చెంగల్రాయుడు లేచి, ఆటోలోంచి పెట్టె తనే దించాడు. హేమ ముందు గొంతుక్కూర్చుని, ఆ సైగ ఇంకొకసారి చేయమని చూపించాడు. చేసింది. ఆయన తన భుజం మీది నిజం తువ్వాలు పట్టుకుని తనూ చేయబోయాడు. దోమను తోలుకున్నట్టు వచ్చింది. వరండా నిండా ఉన్న పిల్లలు చేతులు పైకెత్తి ఆడించారు.

"బయపడినారా?" అని నన్నడిగాడు.

"లేదు సామీ. చప్పట్లు."

తర్వాతి సెలవులకు వచ్చినప్పుడు ఆయన వరండాలో హేమకు ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. మధ్యలో ప్రతి ఆదివారమూ వచ్చి దావీదయ్య గారి దగ్గర నేర్చుకుని పోయేవాడు. నేను అలవాటు ప్రకారం ఇద్దరి మధ్యా నిలబడి గొంతు సవరించుకున్నాను.

"అప్పా, కొంచెం పక్కకు జరుగు" అన్నాడు చెంగల్రాయుడు. "బిడ్డ చేతులు కనపల్లేదు."

జరిగాను. ఉద్యోగంలో నాకు దొరికిన ప్రమోషన్ అదొక్కటే. వాళ్ళిద్దరూ ఉప్మా గురించి పోట్లాడుకుంటున్నారు. అంతలో అన్నాల గంట మోగింది. నేనొక్కణ్ణే అదిరిపడ్డాను. ఆ తండ్రీ కూతురూ ఎర్రగుడ్డ వైపు చూసి, లేచి వెళ్ళిపోయారు.